పోర్ట్రెయిట్‌లో ప్రైమ్ లెన్స్: అపర్చర్ ఎంత తెరవాలి?

మిత్రులందరికీ నమస్కారం.

పోర్ట్రెయిట్‌ల మీద ఇష్టం పెంచుకున్నవారు కెమెరాతో వచ్చిన కిట్ జూమ్ తర్వాత సాధారణంగా కొనేది 50 లేదా 85 మిల్లీమీటర్ల ఎఫ్/1.8 ప్రైమ్ లెన్స్, అంటే జూమ్ లేని లెన్స్. కొన్ననాటి నుంచి అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం; ఎఫ్ అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది) 1.8 దగ్గరే ఉండిపోవడమూ అంతే సాధారణం. అంతగా తెరుచుకునే లెన్స్ కొన్నది పూర్తిగా తెరిచి వాడుకోవడానికే కదా అనే మాట వినడానికి సబబుగానే ఉంటుంది. అయితే ముఖంలో ఏమేమి స్పష్టంగా కనిపించాలో ముందు తేల్చుకుని, ఆ తర్వాతే అపర్చర్ ఎంత తెరవాలో నిర్ణయించాలని నా గట్టి నమ్మకం. దానికి కారణాలు మీ ముందుంచుతాను.

మొదట వెలుతురు సంగతి. ఈ లెన్స్‌ల గొప్పతనం గురించి మాట్లాడేటప్పుడు అందరూ నేపథ్యం మసకబారడాన్నే చెబుతారు కానీ, చరిత్రలో పెద్ద అపర్చర్ అవసరం వెలుతురు కోసమే వచ్చింది. డాగెరోటైప్ అనే తొలినాటి ఫోటో పద్ధతి మొదలైన రోజుల్లో మనిషి నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవలసి వచ్చేది. 1840లో వియన్నాలో జోసెఫ్ పెట్జ్‌వాల్ రూపొందించిన, సుమారు ఎఫ్/3.6 అపర్చర్ గల పోర్ట్రెయిట్ లెన్స్ ఆ సమయాన్ని బాగా తగ్గించింది. నేటి లెక్కలో చెప్పాలంటే, ఎఫ్/5.6 కంటే ఎఫ్/1.8లో దాదాపు పది రెట్లు వెలుతురు లోపలికి వస్తుంది. కిటికీ పక్కన మసక వెలుతురులో షట్టర్ 1/25 సెకను తెరిచి ఉంచవలసిన చోట 1/250 సెకను సరిపోతుంది. మాట్లాడుతున్న మనిషి పెదవి కదలిక, ఊపిరితో పాటు వచ్చే తల ఊపు 1/25 సెకనులో చెరిగిపోతాయి. 1/250లో కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా నిలుస్తాయి. వెలుతురు తక్కువైనప్పుడు అపర్చర్ పూర్తిగా తెరవడానికి ఇంతకు మించిన కారణం అక్కరలేదు.

వెలుతురు చాలినంత ఉన్నప్పుడే అసలు ఆలోచన మొదలవుతుంది. అక్కడ మొదట తేల్చవలసింది దూరం. ముఖం ఆకారం ఎలా కనిపిస్తుందనేది లెన్స్ ఫోకల్ లెంగ్త్ (మిల్లీమీటర్లలో చెప్పే అంకె) మీద కాక, మనం ఎంత దూరంలో నిలబడ్డామన్నదాని మీద ఆధారపడుతుంది. ముక్కు కొనకూ చెవులకూ మధ్య లోతు 12 సెంటీమీటర్లు అనుకుందాం. అర మీటరు నుంచి తీస్తే ముక్కు చెవుల కంటే 24 శాతం పెద్ద నిష్పత్తిలో పడుతుంది. మీటరున్నర నుంచి తీస్తే ఆ తేడా 8 శాతమే. ప్రైమ్ లెన్స్ ఉన్నవారికి ‘కాళ్లతోనే జూమ్ చేసుకోండి’ అని సలహా ఇస్తుంటారు. పోర్ట్రెయిట్‌కు ఈ సలహాను నేను సమర్థించను, ఎందుకంటే అడుగు ముందుకు వేసిన ప్రతిసారీ ఫ్రేమ్‌తో పాటు ముఖం కూడా మారిపోతుంది. మీటరున్నర నుంచి రెండు మీటర్ల దూరం ముందుగా ఎంచుకుని, అక్కడి నుంచి తల, భుజాలు నిండుగా పట్టే లెన్స్ తగిలించుకోవడం మేలు. పెద్ద సెన్సర్ గల ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో అది 85 మిల్లీమీటర్లు, అంతకంటే చిన్న సెన్సర్ గల ఏపీఎస్-సి కెమెరాలో సుమారుగా 50.

ఇప్పుడు ఆ దూరంలో స్పష్టత ఎంత లోతు ఉంటుందో చూద్దాం. ఫుల్ ఫ్రేమ్ మీద 85 మిల్లీమీటర్ల లెన్స్‌ను ఎఫ్/1.8లో ఉంచి మీటరున్నర నుంచి ఫోకస్ చేస్తే, ముందూ వెనకా కలిపి దక్కేది సుమారు 3.4 సెంటీమీటర్లు, అంటే ఫోకస్ పెట్టిన చోటు నుంచి అటూ ఇటూ 1.7 మాత్రమే. ఎదురుగా చూస్తున్న ముఖానికి ఇది ఎలాగో సరిపోతుంది. తల ఓ ముప్పై డిగ్రీలు పక్కకు తిరిగితే దూరపు కన్ను దగ్గరి కన్ను కంటే మూడు సెంటీమీటర్లు వెనక్కి వెళ్లి మసకబారుతుంది. కొన్ని ముఖాలకు ఆ మసక అందాన్నిస్తుంది. కానీ ఒక వృద్ధురాలి చూపును చిత్రంలో నిలపాలనుకున్నప్పుడు రెండో కన్ను పోగొట్టుకోవడం నాకు పెద్ద నష్టంగానే తోస్తుంది. ఎఫ్/4కి వెళ్తే లోతు ఏడున్నర సెంటీమీటర్లకు పెరిగి, రెండు కళ్లూ అందులో ఇముడుతాయి.

అపర్చర్ తగ్గిస్తే నేపథ్యం గట్టిపడుతుందన్న భయం సహజం. అయితే నేపథ్యం ఎంత దూరంలో ఉందన్నది కూడా అపర్చర్‌తో సమానంగా పనిచేస్తుంది. మీటరున్నర దూరంలోని మనిషికి ఒక మీటరు వెనక గోడ ఉంటే, 85 మిల్లీమీటర్ల లెన్స్ ఎఫ్/1.8లో ఆ గోడ మీది ఒక చుక్క, ముఖం ఉన్న తలంలో కొలిస్తే, 1.9 సెంటీమీటర్ల వలయంగా విచ్చుకుంటుంది. అదే మనిషిని గోడకు తొమ్మిది మీటర్లు ముందుకు తెచ్చి ఎఫ్/4లో తీస్తే వలయం 1.8 సెంటీమీటర్లు. మసక దాదాపు అంతే, స్పష్టమైన లోతు మాత్రం రెట్టింపుకు మించింది. కుర్చీ జరిపే చోటు ఉన్నప్పుడు ముందు కుర్చీనే జరపాలి. ఇరుకు గదిలో జరిపే వీలు లేనప్పుడు ఎఫ్/1.8 నిజంగా ఆదుకుంటుంది.

ఎండలో ఇంకో చిక్కు ఉంది. ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 100, ఎఫ్/1.8లో నడి ఎండకు 1/8000 సెకను షట్టర్ కావాలి. చాలా కెమెరాల మెకానికల్ షట్టర్ 1/4000 దగ్గరే ఆగుతుంది. వెలుతురును తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ పెట్టుకోవచ్చు, లేదా మనిషిని నీడలోకి తీసుకెళ్లవచ్చు. ముఖానికి నీడే మంచిది కనుక నేను రెండోదే చెబుతాను.

ఫోకస్ విషయంలో మధ్య పాయింట్‌తో కన్ను పట్టి, తర్వాత ఫ్రేమ్ సర్దుకునే పాత అలవాటును ఈ లెన్స్‌లతో మానుకోవాలి. మీటరున్నర దూరంలో కెమెరాను 8 డిగ్రీలు తిప్పితే ఫోకస్ తలం కంటి వెనక్కి దాదాపు ఒకటిన్నర సెంటీమీటర్లు జరుగుతుంది. మనకున్న 1.7లో దాదాపు అంతా అక్కడే ఖర్చయిపోతుంది. కంటిని గుర్తించే ఆటోఫోకస్ ఉంటే వాడండి, లేకపోతే ఫోకస్ పాయింట్‌నే దగ్గరి కంటి మీదకు జరపండి. కూర్చున్నవారిని పంపేముందు తెర మీద చిత్రాన్ని పూర్తిగా పెద్దది చేసి దగ్గరి కంటి రెప్ప వెంట్రుకలు చూడండి. అవి మెత్తబడి చెవి దగ్గరి జుట్టు పదునుగా ఉంటే ఫోకస్ వెనక్కి వెళ్లిందని అర్థం. వారు ఇంకా కుర్చీలోనే ఉన్నారు కాబట్టి అపర్చర్‌ను ఒక స్టాప్ (వెలుతురు సగమయ్యేంత) తగ్గించి మళ్లీ తీయవచ్చు.