కెన్సింగ్టన్ కట్టడిలో పెరిగిన విక్టోరియా

అందరికీ నమస్కారం.

విక్టోరియా మహారాణి అనగానే మనలో చాలామందికి పాత వెండి రూపాయి మీది ముఖం గుర్తొస్తుంది. విశాఖ వాళ్లకైతే వన్‌టౌన్‌లో ఉన్న విగ్రహం గుర్తొస్తుంది. నేను మాట్లాడబోయేది సింహాసనం ఎక్కకముందు విక్టోరియా గురించి. పద్దెనిమిదేళ్లు నిండేదాకా తనదంటూ ఒక గది కూడా లేని పిల్ల గురించి.

ఆమె 1819 మే 24న లండన్‌లోని కెన్సింగ్టన్ ప్యాలెస్‌లో పుట్టింది. తండ్రి ఎడ్వర్డ్, మూడో జార్జి రాజుకు నాలుగో కొడుకు. పిల్లకు ఎనిమిది నెలలు రాకముందే ఆయన పోయాడు. ఆరు రోజులకే తాత కూడా పోయాడు. తల్లి జర్మనీ నుంచి వచ్చిన మనిషి. ఇంగ్లీషు అంతంత మాత్రం, భర్త మిగిల్చింది అప్పులు. దాంతో ఇంటి పెత్తనం సర్ జాన్ కాన్‌రాయ్ అనే ఉద్యోగి చేతికి వెళ్లింది. పెదనాన్నలకు వారసులు మిగలకపోవడంతో సింహాసనం ఈ పిల్లకే వచ్చేలా ఉంది. పద్దెనిమిదేళ్లు నిండకముందే ఈ పిల్ల రాణి అయితే, తల్లి రీజెంట్‌గా, అంటే కూతురి తరఫున పాలిస్తుంది. తల్లి వెనక ఉండి అంతా తానే నడపొచ్చని కాన్‌రాయ్ లెక్క. అందుకు పిల్ల ఎప్పటికీ వాళ్ల మీదే ఆధారపడి ఉండాలి.

‘కెన్సింగ్టన్ పద్ధతి’ అని చరిత్రకారులు చెప్పే కట్టడి అలా వచ్చింది. మెట్లు దిగాలంటే ఎవరిదైనా చెయ్యి పట్టుకోవాలి. ఎవరైనా చూడటానికొస్తే పక్కన ఇంకో మనిషి ఉండాలి. రాత్రి పడక తల్లి గదిలోనే. 1832లో, పదమూడో ఏట డైరీ రాయడం మొదలుపెడితే దాన్నీ తల్లి చదివేది. కాబట్టి ఆ తొలి డైరీలలో ఆమె మనసులోని మాట దొరుకుతుందని నేను అనుకోను. ఎప్పుడూ తనను కనిపెట్టి చూస్తున్నవాళ్ల ముందు ఏం చెప్పాలో, ఏం దాచాలో ఆ వయసులోనే నేర్చుకుంది.

ప్రేమగా చూసుకున్న అక్క ఫియొడోరా 1828లో పెళ్లై జర్మనీ వెళ్లిపోయింది. మిగిలింది ఇంట్లోనే ఉండి చదువు చెప్పే గవర్నెస్ లేజెన్. ఇద్దరూ కలిసి చెక్క బొమ్మలకు బట్టలు కుట్టేవాళ్లు. ఆ బొమ్మలు 132. తోటి పిల్లలు లేని ఇంట్లో అన్ని బొమ్మలు అవసరమయ్యాయంటే నాకు మనసు కలుక్కుమంటుంది.

అసలు పరీక్ష 1835లో, రామ్స్‌గేట్ అనే సముద్రతీర పట్టణంలో వచ్చింది. ఆమె పదహారేళ్ల పిల్ల, తీవ్రమైన జ్వరంతో మంచాన పడి ఉంది. రాణి అయ్యాక తనను ఆంతరంగిక కార్యదర్శిగా పెట్టుకుంటానని రాసివ్వమని కాన్‌రాయ్ పట్టుబట్టాడు. తల్లి కూడా అతని వైపే నిలిచింది. ఆ పిల్ల సంతకం పెట్టలేదు. లొంగదీయడానికి పన్నిన కట్టడే ఆమెలో మొండితనాన్ని గట్టిపరిచిందని నా నమ్మకం. ఆ మొండితనానికి అండగా లేజెన్ ఉంది. ఆ గవర్నెస్‌కు చరిత్రలో ఇంకాస్త పెద్ద చోటు దక్కాలి.

పెదనాన్న నాలుగో విలియం రాజుకు ఈ సంగతంతా తెలుసు. 1836లో తన పుట్టినరోజు విందులో, ఇంకో తొమ్మిది నెలలు బతికి రీజెంట్ పాలన రాకుండా చూడాలని ఉందని, విక్టోరియా తల్లి ఎదుటే అందరి ముందూ అనేశాడు. అలాగే బతికాడు. విక్టోరియాకు పద్దెనిమిదేళ్లు నిండాక, 1837 జూన్ 20 తెల్లవారుజామున కన్నుమూశాడు. ఉదయం ఆరు గంటలకు వార్త తెచ్చిన పెద్దలను ఆమె ఒంటరిగా కలిసింది. ఒంటరిగానే అన్న సంగతిని ఆ రోజు డైరీలో నొక్కి రాసుకుంది. తన మంచాన్ని తల్లి గది నుంచి తీయించింది. కాన్‌రాయ్‌ని తన కొలువులోకి రానివ్వలేదు.

తల్లి మీద కోపం చాలా ఏళ్లు ఉంది. 1861లో తల్లి పోయాక, ఆమె దాచుకున్న కాగితాలు చూసి, తనను ఎంత ప్రేమించిందో తెలుసుకుని విక్టోరియా కుమిలిపోయింది. భయమూ, కాన్‌రాయ్ మీద గుడ్డి నమ్మకమూ ఆ తల్లి ప్రేమను అలా మార్చేశాయి.

నన్ను ఎక్కువగా బాధించేది ఆ తర్వాతి తరం సంగతి. ఇంత అనుభవించిన విక్టోరియా, భర్త ఆల్బర్ట్‌తో కలిసి పెద్దకొడుకు బర్టీని కూడా గంట గంటకూ చదువులతో, కాపలా పెట్టే గురువులతో, తోటి పిల్లలకు దూరంగా పెంచింది. ఆ అబ్బాయి కోపంతో ఎదురు తిరిగేవాడు.