చమురు రాకముందే కారిపోయిన నీళ్లు

శ్రోతలకు నమస్కారం.

పైప్‌లైన్ అనగానే మనందరికీ ముందు లీకు భయమే. గ్యాస్ లైనంటే మంటలు, చమురు లైనంటే కాలవ మీద తేలే జిడ్డు. ఆ భయం ఉండాల్సిందే. కాకపోతే చిత్తడి నేలలకూ, చుట్టుపక్కల బోర్లకూ చాలాసార్లు దెబ్బ తగిలేది అంతకన్నా ముందు, గొట్టం ఇంకా ఖాళీగా ఉన్నప్పుడు, కందకం తవ్వేటప్పుడు. 2021లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో అదే జరిగింది.

కెనడాకు చెందిన ఎన్‌బ్రిడ్జ్ కంపెనీ 1960లలో వేసిన లైన్ 3 అనే చమురు గొట్టం అక్కడ పాతబడిపోయింది. దాని బదులు 36 అంగుళాల కొత్తది వేయడానికి 2020 డిసెంబరులో మిన్నెసోటాలో పని మొదలుపెట్టారు. దారి పొడవునా సరస్సులు, బురద నేలలు. ఆ సరస్సుల్లో లోతు తక్కువ ఉన్నచోట మనూమిన్ అనే ధాన్యం దానంతటదే పండుతుంది. మన వరికి దూరపు చుట్టం. అక్కడి ఆదివాసులైన ఒజిబ్వే తెగవాళ్లకు అది తిండీ, పూజా ద్రవ్యమూ కూడా. ఎండాకాలం మొదట్లో దాని ఆకులు నీటి మీద పరుచుకుని ఉంటాయి. ఆ దశలో నీటిమట్టం ఉన్నట్టుండి పెరిగితే మొక్క వేళ్లతో సహా లేచిపోతుంది. నీళ్లు అంత లెక్కగా ఉండాల్సిన చోటు అది.

క్లియర్‌బ్రూక్ అనే ఊరి దగ్గర కందకం 8 నుంచి 10 అడుగుల లోతు ఉండాలన్నది నిర్మాణ ప్రణాళిక. తవ్వింది సుమారు 18 అడుగులు. గట్లు విరిగిపడకుండా ఉక్కు పలకల్ని 28 అడుగుల దాకా దిగగొట్టారు. నేల కింద అక్కడ ఒత్తిడితో ఉన్న నీటిపొర ఉంది. మంచి వానలు పడ్డ ఏడాది మన దగ్గర కొన్ని బోర్లు మోటారు వేయకుండానే పొంగుతాయి చూడండి, అదే సూత్రం. నీళ్లు గట్టి మట్టిపొర కింద అణిగి ఉంటాయి. ఆ పొరే మూత. మూత చిల్లుపడింది, నీళ్లు పైకి ఎగదన్నాయి.

మట్టి పోసి పూడ్చేస్తే పోదా అనుకోవచ్చు. పోదు. ఒత్తిడి తగ్గకుండా పూడిస్తే నీళ్లు పక్క నుంచి దారి వెతుక్కుంటాయి. ముందు చుట్టూ బావులు వేసి తోడుతూ ఒత్తిడి దించాలి, ఆ తర్వాత చిల్లులోకి సిమెంటు ముద్ద ఎక్కించాలి. రోజుల్లో తేలే పని కాదు. క్లియర్‌బ్రూక్‌లో పొర చిల్లుపడింది జనవరిలో, రాష్ట్ర సహజ వనరుల శాఖకు సంగతి తెలిసింది జూన్‌లో! సెప్టెంబరు మొదటివారానికి 2.4 కోట్ల గ్యాలన్లు, అంటే సుమారు 9 కోట్ల లీటర్ల భూగర్భజలం పోయింది. కంపెనీ 33.2 లక్షల డాలర్లు కట్టాలని శాఖ ఆదేశించింది. అందులో అచ్చంగా జరిమానా అన్నది 20 వేల డాలర్లే, చట్టం అంతకు మించి వేయనివ్వలేదు. మిగతాదాంట్లో పెద్ద భాగం అక్కడి సున్నపు చిత్తడి నేలలకు జరిగే నష్టం కోసం. ఆ నేలలు అడుగు నుంచి ఊరే చల్లని, ఖనిజాలున్న నీటితోనే బతుకుతాయి. వాననీళ్లు వాటికి బదులు కావు.

గొట్టం ఏరు దాటాల్సిన చోట పద్ధతి వేరు. ఒక గట్టు నుంచి ఏటవాలుగా బోరు దించి, ఏటి అడుగు కిందుగా తీసుకుపోయి అవతలి గట్టున తేలుస్తారు. రంధ్రం కూలకుండా బెంటొనైట్ అనే బంకమట్టి కలిపిన నీళ్లు ఒత్తిడితో పంపుతారు. పైనున్న మట్టి బరువూ పట్టూ ఆ ఒత్తిడికి చాలకపోతే నేల చీలి ఆ బురద పైకి వస్తుంది. ఆ వేసవిలో లైన్ 3 ఏరులు దాటే 12 చోట్ల ఇలా 28 సార్లు వచ్చింది. బెంటొనైట్ విషం కాదంటారు, నిజమే. కానీ ఆ మెత్తటి మట్టి చేపగుడ్ల మీద, ఆల్చిప్పల మీద పేరుకుంటే వాటికి ఊపిరాడదు. యంత్రం దగ్గరున్నవాళ్లు చూడాల్సింది రెండే: తిరిగొచ్చే బురద తగ్గిందా, గేజిలో ఒత్తిడి హఠాత్తుగా పడిందా. ఏది కనబడ్డా వెంటనే పంపు ఆపాలి. ఇంకాస్త చూద్దాం అనుకున్న ఆ కాసేపట్లోనే బురద ఏట్లో కలుస్తుంది.

పూడ్చిన కందకాన్నీ నమ్మడానికి లేదు. లోపలి మట్టి వదులుగా ఉంటుంది, కాస్త వాలుంటే చిత్తడి నీళ్లన్నీ గొట్టం వెంబడి దిగువకు జారుకుంటాయి. అందుకే చిత్తడి అంచుల్లో గొట్టం చుట్టూ ఇసుక బస్తాలతో అడ్డుకట్ట కట్టాలి. వేళ్లు, విత్తనాలు ఉండే పైమట్టిని విడిగా పోగేసి, చివర్లో మళ్లీ పైనే వేయాలి.

మన దేశంలో ఇలాంటి లైన్లకు 1962 నాటి చట్టం ఉంది. భూమి మీ పేరునే ఉంటుంది, కింద గొట్టం వేసుకునే హక్కు కంపెనీకి వస్తుంది. ఆ మేర మీరు బావి తవ్వకూడదు, ఇల్లు కట్టకూడదు, చెట్టు నాటకూడదు. ప్రకటన వచ్చిన 21 రోజుల్లోగా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పొచ్చు. బోరు ఎక్కడుంది, ఎన్ని అడుగుల్లో నీళ్లు పడ్డాయి, చెరువుకు ఊట ఎటునుంచి వస్తుంది అన్నవి అందులో రాయండి. కందకం లోతెంతో, మట్టి పరీక్షలు ఎక్కడెక్కడ చేశారో అడగండి.

పని మొదలవకముందే మీ బావి మట్టం కొలిచి పెట్టుకోండి. రాత్రంతా మోటారు ఆపి, తెల్లవారగానే తాడుకు బరువు కట్టి దించితే చాలు. తేదీతో సహా రాయండి. నీళ్లు సీసాలో పట్టి ల్యాబులో పరీక్ష చేయించి, ఆ కాగితం దాచుకోండి. కందకం పూడ్చాక మళ్లీ అదే చోట, అదే తాడుతో కొలవండి.