జీటీ40 రెప్లికాలో గేర్లు సాఫీగా పడాలంటే

అందరికీ నమస్కారం. ఫోర్డ్ వాళ్ళ 1960ల రేసు కారు జీటీ40కి రెప్లికా, అంటే అచ్చు అలాంటి నకలు, కట్టుకున్నవాళ్ళు గానీ కొనుక్కున్నవాళ్ళు గానీ కొన్నాళ్ళు తిరిగాక దాదాపు ఒకే మాట చెబుతారు. ఇంజన్ బ్రహ్మాండంగా ఉంది, బ్రేకులు బాగున్నాయి, గేర్లు మాత్రం సరిగ్గా పడటం లేదు అంటారు. రెండో గేర్ వెతుక్కోవాలి, మూడు అనుకుని తోస్తే అయిదు పడుతుంది, రివర్స్ కోసం అయితే సిగ్నల్ దగ్గర చెమటలు పడతాయి. వెంటనే అందరి అనుమానం గేర్‌బాక్స్ మీదకే పోతుంది. దాన్ని దించి, విప్పించి, వేల డాలర్లు పోసి మళ్ళీ బిగిస్తే సమస్య అలాగే ఉంటుంది. అందుకే ముందే చెబుతున్నాను, బాక్స్ జోలికి పోకండి, మీ చేతికీ ఆ బాక్స్‌కీ మధ్య ఉన్న దారి మొత్తం ముందు చూడండి. నేను చూసిన కార్లలో చాలావాటికి జబ్బు అక్కడే ఉంది.

అయితే ఈ కారు చరిత్రలో బాక్సే దోషి అయిన రోజులు కూడా ఉన్నాయి, అది చెప్పకపోతే అన్యాయం. 1964లో ఫోర్డ్ మొదటిసారి ఫ్రాన్స్‌లో జరిగే లె మాన్ 24 గంటల రేసుకి మూడు జీటీ40లు తీసుకెళ్ళింది. ఒకటి మంటల్లో పోయింది, మిగతా రెండూ గేర్‌బాక్స్ పోయి ఆగిపోయాయి. అప్పటి బాక్స్ ఇటలీ వాళ్ళ కొలోట్టి, ఆ ఇంజన్ టార్క్‌కి అది తట్టుకోలేదు. ఆ తర్వాత చిన్న ఇంజన్ కార్లకి జర్మనీ జెడ్‌ఎఫ్ వాళ్ళ అయిదు గేర్ల 5డీఎస్-25 వచ్చింది, ఏడు లీటర్ల ఇంజన్ ఉన్న తర్వాతి రకం మార్క్ టూకి ఫోర్డ్ సొంతంగా నాలుగు గేర్ల టీ-44 చేసుకుంది. 1966 లె మాన్‌లో మొదటి మూడు స్థానాలూ ఫోర్డ్‌వే. ఆ గెలుపు వెనక నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఏమిటంటే, వాళ్ళు ఇక్కడే మిషిగన్‌లో ఇంజన్‌నీ గేర్‌బాక్స్‌నీ కలిపి డైనమోమీటర్ (ఇంజన్ బలం కొలిచే యంత్రం) మీద పెట్టి, లె మాన్ ల్యాప్ ఎలా ఉంటుందో అలాగే, గేర్ మార్పులతో సహా, గంటల తరబడి నడిపించారు. డియర్‌బోర్న్ మ్యూజియంలో 1967లో గెలిచిన ఎర్ర మార్క్ ఫోర్ ఉంది కదా, మన ఊళ్ళ నుంచి చుట్టాలొస్తే అక్కడికి తప్పకుండా తీసుకెళ్తాం. ఈసారి వెళ్ళినప్పుడు దాని వెనక భాగం ఎంత పొడుగుందో, డ్రైవర్ ఎక్కడ కూర్చుంటాడో కాస్త ఆగి చూడండి, నేను ఇప్పుడు చెప్పబోయేదంతా ఆ దూరం గురించే.

ఇప్పుడు ఆ దారి. చేతితో పట్టుకునేదాన్ని లివర్ అంటాను, దాని కింద నుంచి వెనక్కి పోయేదాన్ని రాడ్ అంటాను, లేకపోతే మన అలవాటు ప్రకారం రెండిటినీ గేర్ రాడ్డే అనేస్తాం. అసలు రేసు కార్లలో డ్రైవర్ కుడి వైపు కూర్చుంటాడు, లివర్ కూడా అతని కుడి పక్కనే, తలుపు కింద గట్టు మీద ఉంటుంది. ఇండియాలో ఎడమ చేత్తో గేర్లు వేసి, ఇక్కడికొచ్చి కుడి చేత్తో నేర్చుకున్న మనకి అది పెద్ద కష్టమేం కాదు. లివర్ దగ్గర మొదలైన రాడ్ సీటు పక్క నుంచి, వెనక గోడ దాటి, ఇంజన్ పక్కన ఎగ్జాస్ట్ గొట్టాల వేడి మధ్య నుంచి తప్పించుకుని, కారు చివర ఉన్న బాక్స్ దాకా పోవాలి. ఆ ఒక్క రాడ్డే రెండు పనులు చేస్తుంది: మెలి తిరిగితే వరస (ఒకటి-రెండు, మూడు-నాలుగు లాంటి గేర్ల జత) మారుతుంది, ముందుకీ వెనక్కీ కదిలితే గేర్ పడుతుంది. ఎక్కడ కొంచెం వదులున్నా, ఎక్కడ కొంచెం వంగినా, రెండు పనులూ చెడతాయి.

రెప్లికాల్లో ఇంకో చిక్కు ఉంది. అసలైన జెడ్‌ఎఫ్ దొరకడం కష్టం, ధర కూడా ఎక్కువ, కాబట్టి పోర్షా జీ50, ఆడి, రెనో బాక్సులు పెడతారు. పోర్షా 911 కారులో ఇంజన్ వెనక, బాక్స్ దానికి ముందు ఉంటాయి, గేర్ రాడ్ బాక్స్ ముక్కు దగ్గర, అంటే డ్రైవర్‌కి దగ్గరగా లోపలికి వెళ్తుంది. అదే బాక్స్‌ని జీటీ40లో ఇంజన్ వెనక పెడితే మొత్తం తిరగబడుతుంది, ముక్కు కారు తోక వైపు పోతుంది, అంటే రాడ్ అన్నిటికన్నా దూరం నుంచి చుట్టు తిరిగి రావాలి. పైగా చక్రాలు తిరిగే దిశ మారుతుంది, లోపల క్రౌన్ వీల్‌ని (చక్రాల వైపు శక్తిని మళ్ళించే పెద్ద పళ్ళ చక్రాన్ని) రెండో వైపుకి మార్చాలి, లేదా బాక్స్‌నే తలకిందులుగా బిగించాలి, అలా చేయకపోతే ముందుకు ఒక గేర్, వెనక్కి అయిదు గేర్లు వస్తాయి. తలకిందులు చేస్తే సెలెక్టర్ (బాక్స్‌లో గేర్‌ని ఎంచే భాగం) కదలికలు కూడా తిరగబడతాయి, ఆయిల్ పోసే చోటు, గాలి పోయే బ్రీదర్ మార్చాలి. ఆడి బాక్స్‌కి ఈ బాధ లేదు, ఆ కార్లలో కూడా ఇంజన్ ముందు, బాక్స్ వెనకే కాబట్టి ఉన్నదున్నట్టు కూర్చుంటుంది. మీ కారులో ఏ బాక్స్ ఉందో, ఎలా బిగించారో తెలియకుండా లింకేజీ (లివర్ నుంచి బాక్స్ దాకా ఉన్న ఆ దారి) మీద చెయ్యి వేయకండి.

అన్నిటికన్నా ముందు క్లచ్. ఇంజన్ ఆన్ చేసి, న్యూట్రల్‌లో ఉంచి, క్లచ్ పూర్తిగా తొక్కి, నాలుగైదు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. గర్రుమంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదన్నమాట, లింకేజీని తిట్టి లాభం లేదు. పెడల్ కారు ముందు, క్లచ్ వెనక, మధ్యలో పొడవాటి పైపు, దానిలో ఎక్కడో గాలి బుడగ ఉండే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. బ్లీడ్ చేశాక, అంటే ఆ గాలి తీసేశాక కూడా చాలకపోతే మాస్టర్ సిలిండర్ (పెడల్ దగ్గర ఫ్లూయిడ్‌ని తోసేది) సైజు చూడండి. 5/8 అంగుళం నుంచి 3/4కి మారిస్తే పెడల్ అంతే తొక్కినా 44 శాతం ఎక్కువ ఫ్లూయిడ్ కదులుతుంది, కాకపోతే పెడల్ కూడా ఆ మేరకు బరువెక్కుతుంది, ఎడమ కాలికి ట్రాఫిక్‌లో ఆ సంగతి తెలుస్తుంది.

క్లచ్ బాగుందని తేలితే కారుని స్టాండ్ల మీద పెట్టి, ఇంజన్ ఆపి, బాక్స్ దగ్గర రాడ్‌ని విడదీయండి. సెలెక్టర్ షాఫ్ట్‌ని నేరుగా చేత్తో గానీ స్పానర్‌తో గానీ కదిపి ఒక్కో గేర్ వేయండి, ఇంకొకరు వెనక చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతూ ఉండాలి. ప్రతి గేరూ టక్కుమని పడిందా, బాక్స్ నిర్దోషి. ఈ ఒక్క పరీక్ష చేయకుండా బాక్స్ దించినవాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధగా ఉంటుంది, అరగంట పని అది. తర్వాత రాడ్ మళ్ళీ తగిలించి, ఒకరు సెలెక్టర్‌ని కదలకుండా గట్టిగా పట్టుకుంటే, మీరు లోపల కూర్చుని లివర్‌ని ఊపి, నాబ్ (లివర్ పైనుండే గుండు) దగ్గర ఎంత ఊగుతోందో టేపు పెట్టి కొలవండి. లెక్క తేలికే. ఒక్కో జాయింట్‌లో అర మిల్లీమీటర్ ప్లే, అంటే వదులు, ఉందనుకుందాం, అలాంటివి ఆరుంటే రాడ్ దగ్గర 3 మి.మీ. అవుతుంది, లివర్ నిష్పత్తి నాలుగుకి ఒకటి అయితే నాబ్ దగ్గర 12 మి.మీ. మీ చెయ్యి అంత దూరం వెళ్ళేదాకా బాక్స్‌కి కబురే అందదు. పాత అంబాసిడర్‌లో స్టీరింగ్ పక్కనుండే గేర్ గుర్తుందా, లింకులు అరిగిపోయి ఇరుక్కుపోతే డ్రైవర్ దిగి బానెట్ ఎత్తి చేత్తో విడదీసేవాడు. గేర్‌బాక్స్‌కి ఏమీ అయ్యేది కాదు, దారే పాడయ్యేది. ఇక్కడా అంతే.

ఇక బాగుచేయడం. చవక యూ-జాయింట్లు (రాడ్ వంపు తిరిగే చోట రెండు ఫోర్కులతో ఉండే కీళ్ళు), రబ్బరు బుష్‌లు తీసేసి నీడిల్ బేరింగ్ ఉన్న జాయింట్లు, మంచి రకం రోజ్ జాయింట్లు (లోపల గుండ్రని బంతి ఉండే లోహపు కీళ్ళు) వేయండి. రెండు యూ-జాయింట్లు వాడుతుంటే రెండిటి ఫోర్కులూ ఒకే వరసలో ఉండాలి, కోణాలు కూడా సమానంగా ఉండాలి. ఒకే జాయింట్ 30 డిగ్రీల వంపులో పనిచేస్తుంటే, మీరు సమానంగా మెలి తిప్పినా అవతలి వైపు ఒకచోట 13 శాతం తక్కువ, ఇంకోచోట 15 శాతం ఎక్కువ తిరుగుతుంది. ఒకటి-రెండు వరస దూరంగా, అయిదో గేర్ ఉన్న వరస మరీ దగ్గరగా ఉన్నట్టు అనిపించడానికి ఇది కారణం కావచ్చు, చాలామంది దీన్ని లివర్ దగ్గర సర్దబోయి ఇంకా పాడుచేస్తారు.

రాడ్ విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. సన్న రాడ్ మెలి తిరిగినప్పుడు దానికదే స్ప్రింగులా పనిచేస్తుంది, మీరు తిప్పింది సగం అదే మింగేస్తుంది. ట్యూబ్ గోడ మందం 1.5 మి.మీ. అలాగే ఉంచి, బయటి వ్యాసం మాత్రం 19 నుంచి 25 మి.మీ.కి పెంచితే, మెలికకి ఎదురు నిలిచే బలం దాదాపు 2.4 రెట్లవుతుంది, బరువు పెరిగేది మూడో వంతే. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత లాభం ఇచ్చే పని ఈ కారులో మరొకటి లేదు. చోటు చాలకపోతే ఎగ్జాస్ట్ పక్కన మాత్రం సన్నంగా పోనిచ్చి మిగతా అంతా లావు ట్యూబ్ వేయండి. రాడ్ మధ్యలో ఊగకుండా ఒక సపోర్ట్ బేరింగ్ తప్పదు, దాని బ్రాకెట్ రేకు ముక్క కాకూడదు, లివర్ గట్టిగా లాగినప్పుడు బ్రాకెట్ కదులుతోందేమో పక్కవాళ్ళని వేలు పెట్టి చూడమనండి. బేరింగ్‌లో ప్లాస్టిక్ లైనర్ ఉంటే ఎగ్జాస్ట్ వేడి తగలకుండా అడ్డు రేకు పెట్టాలి. చల్లగా ఉన్నప్పుడు బాగా పడి, ఓ గంట నడిపాక పట్టేసే కార్లలో నేను ముందు చూసేది ఆ లైనర్‌నే.

కేబుల్ వేయొచ్చా అని అడుగుతారు. వేయొచ్చు, దారి బాగా వంకరగా ఉంటే అదే తేలిక. కానీ ప్రతి వంపులోనూ రాపిడి, వదులు రెండూ పెరుగుతాయి, కాబట్టి పెద్ద పెద్ద వంపులుగా తీసుకెళ్ళాలి, రెండు చివర్ల బ్రాకెట్లూ రాయిలా ఉండాలి. నా మటుకు నేను, రాడ్ వేసే వీలున్న కారులో కేబుల్ వేయను. లోహం లోహాన్ని కదిలిస్తున్న సంగతి అరచేతికి తెలియడం కోసమే కదా ఈ కారు కావాలనుకున్నది.

లివర్ లాగినప్పుడు కాకుండా యాక్సిలరేటర్ తొక్కి వదిలినప్పుడు గేర్ జారుతోందా? ఇంజన్ మౌంట్లు చూడండి. లివర్ ఛాసీకి ఉంది, బాక్స్ ఇంజన్‌తో పాటు రబ్బరు మీద ఊగుతోంది, టార్క్ వచ్చినప్పుడు బాక్స్ కదిలి రాడ్‌ని అదే లాగేస్తుంది. గట్టి పాలీయూరెథేన్ మౌంట్లు వేస్తే చాలా వరకు పోతుంది, కాస్త వైబ్రేషన్ లోపలికి వస్తుంది, భరించవచ్చు. అలాగే లివర్ పూర్తిగా గేర్‌లో ఉన్నప్పుడు బాడీకి గానీ సీటుకి గానీ తగలకుండా ఇంకా 2, 3 మి.మీ. ఖాళీ ఉండాలి, తగిలితే గేర్ పూర్తిగా కూర్చోలేదని అర్థం. ఆ ఖాళీ చూసుకున్నాక లివర్ దగ్గర స్టాపర్ పెట్టండి, అప్పుడు మీరు ఎంత కోపంగా గుంజినా ఆ బలం లోపలి షిఫ్ట్ ఫోర్కుల మీద పడదు.

అన్నీ అయ్యాకే షార్ట్ షిఫ్టర్ (చెయ్యి కదిలే దూరం తగ్గించే లివర్) మాట. లివర్ పైభాగం 200 మి.మీ., పివట్ (లివర్ ఊగే ఇరుసు) కింద 50 ఉంటే నిష్పత్తి నాలుగు. కింది భాగాన్ని 65 చేస్తే దాదాపు మూడుకి వస్తుంది, చెయ్యి కదిలే దూరం 23 శాతం తగ్గుతుంది, బలం మాత్రం 30 శాతం ఎక్కువ పెట్టాలి. వదులుగా ఉన్న లింకేజీకి ముందే ఇది బిగిస్తే, వరస దొరకని లివర్‌ని ఇంకా గట్టిగా తోస్తారు, ఆ దెబ్బ సింక్రో రింగుల (గేర్ పడే ముందు వేగాలు కలిపే రింగుల) మీద పడుతుంది. ఆయిల్ మాత్రం బాక్స్ తయారీదారు చెప్పిందే పోయండి, జీఎల్-4 రకం గేర్ ఆయిల్ చెప్పిన చోట జీఎల్-5 పోయకండి, అది మరీ జారుడుగా ఉండి సింక్రోలు పట్టు దొరక్క తడబడవచ్చు, కొన్ని రకాల్లో ఉండే గంధకం ఇత్తడి రింగుల్ని తినే ప్రమాదం కూడా ఉంది.

చివరి సర్దుబాటు న్యూట్రల్‌లో. లివర్‌ని దాని మధ్య స్థానంలో నిలబెట్టి, బాక్స్‌ని దాని స్ప్రింగ్ తెచ్చి నిలిపిన న్యూట్రల్‌లోనే వదిలి, అప్పుడు కప్లర్ (రాడ్‌ని బాక్స్‌తో కలిపే భాగం) బిగించండి. బోల్టు కొంచెం వదులుగా ఉంచి అన్ని గేర్లూ ఒకసారి వేసి చూసి ఆపైన పూర్తిగా టైట్ చేసి, రాడ్ మీదా కప్లర్ మీదా కలిసేలా పెయింట్‌తో గీత గీయండి. ఓ రెండు వందల కిలోమీటర్లు తిరిగొచ్చి ఆ గీత చెదిరిందేమో చూడండి. బయట లిఫ్ట్ మీద ఒక కారు ఎక్కించి ఉంచాను, రాడ్ విడదీసే ఉంది. ఇద్దరిద్దరుగా రండి, ఒకరు చక్రం తిప్పండి, ఒకరు సెలెక్టర్ కదపండి.