షెంఝౌ-20 కిటికీ పగులు: ఆ 11 రోజుల ముప్పు తప్పించుకోగలిగేవారా?

యాంకర్: నమస్కారం. చైనా అంతరిక్ష కేంద్రం తియాన్‌గాంగ్ నుంచి 2025 నవంబర్ 5న దిగాల్సిన షెంఝౌ-20 నౌక సిబ్బంది 14న దిగారు, అదీ తర్వాతి బృందం వచ్చిన షెంఝౌ-21లో. 20 కిటికీకి పగులు రావడమే కారణం. సర్, సన్నటి పగులుకే నౌకను పక్కన పెట్టేయాలా?

ఇంజినీర్: పెట్టాల్సిందే అండి. ఆ కిటికీ పై అద్దం వేడిని ఆపుతుంది, లోపలివి క్యాబిన్ పీడనాన్ని తట్టుకుంటాయి. వాతావరణంలోకి దిగేటప్పుడు పగులు పాకి పై అద్దం ఊడితే వేడి నేరుగా లోపలి అద్దానికి తగులుతుంది. అదీ పోతే క్యాబిన్‌లో గాలి నిలవదు. తగిలింది మిల్లీమీటరు లోపు శకలమని ప్రాథమిక అంచనా. సెకనుకు సుమారు 7.7 కిలోమీటర్ల వేగం దగ్గర ఆ నలుసే చాలు. అంత చిన్నది రాడార్‌కు దొరకదు, ముందే చూసి తప్పుకోలేం.

విశ్లేషకురాలు: దానితో పేచీ లేదు. నా అభ్యంతరం తర్వాతి 11 రోజుల మీద. షెంఝౌ-21ని షెంఝౌ-20లో వెళ్లిన చెన్ డాంగ్ బృందానికి ఇచ్చేశాక, 25న బదులు నౌక షెంఝౌ-22 చేరేదాకా, 21లో వచ్చి పైనున్న జాంగ్ లూ, వూ ఫెయ్, జాంగ్ హాంగ్‌జాంగ్‌లకు నమ్మి ఎక్కదగ్గ నౌకే లేదు. ముందు 22ని పంపి, తర్వాత పాతవాళ్లను దించొచ్చు కదా?

ఇంజినీర్: ఎక్కడ డాక్ చేస్తారు, అంటే స్టేషన్‌కు ఎక్కడ తగిలిస్తారు మేడమ్? స్టేషన్ ప్రధాన భాగమైన తియాన్‌హె మాడ్యూల్ ముందు పోర్టులో 21, కింది పోర్టులో 20, వెనక సరుకు నౌక తియాన్‌ఝౌ-9. మూడూ నిండాయి. 21 కదిలాకే ముందు పోర్టు ఖాళీ అయింది, 22 వచ్చి అక్కడే డాక్ అయింది.

విశ్లేషకురాలు: 20ని ఖాళీగా విడదీసి ఉండొచ్చు.

ఇంజినీర్: అప్పుడు ఆరుగురికి మూడే సీట్లు. పగిలినదైనా అది చివరి దిక్కు, దాన్ని వదులుకోకూడదు. పైగా ఆరుగురూ ఉంటే తిండి, ఆక్సిజన్ ఖర్చు రెట్టింపు.

యాంకర్: నౌక మారడమంటే ఎక్కి కూర్చోవడమేనా?

ఇంజినీర్: కాదండి. సీటు లైనర్, అంటే సీటులో పరిచే అచ్చు, ఎవరి ఒంటి కొలతకు వారికే చేస్తారు. నేలకు మీటరు ఎత్తులో వేగం తగ్గించే రెట్రో రాకెట్లు మండినా కుదుపు తప్పదు. లైనర్ ఒంటికి అతుక్కోకపోతే ఆ దెబ్బంతా వెన్నుపూసకే. అందుకే లైనర్లు మార్చకుండా మనుషుల్ని మార్చకూడదు.

యాంకర్: మనుషులు లేకుండా వెళ్లిన 22లో ఏం పంపారు?

ఇంజినీర్: ఆహారం, సామగ్రి, వాటితోపాటు 20 కిటికీ పగులు కోసం ప్రత్యేకంగా చేసిన పరికరం.

విశ్లేషకురాలు: జియుచ్వాన్ ప్రయోగ కేంద్రంలో లాంగ్ మార్చ్-2ఎఫ్ రాకెట్టు, తర్వాతి నౌక సిద్ధంగా ఉంచే పద్ధతి వల్లే 20 రోజుల్లో పని అయింది. 2022 డిసెంబర్‌లో రష్యా నౌక సోయుజ్ ఎంఎస్-22లో చల్లబరిచే ద్రవం (కూలెంట్) కారిపోతే, బదులు నౌక చేరేసరికి ఫిబ్రవరి చివరికి వచ్చింది. చైనా వేగాన్ని మెచ్చుకుంటాను. కానీ సిద్ధంగా ఉన్న నౌకకు పైన చోటే లేకపోతే ఎలా? స్టేషన్‌కు నాలుగో పోర్టు కావాలి, అదీ కొత్తగా చేర్చాలనుకుంటున్న మాడ్యూళ్ల కన్నా ముందు.