పాత స్ప్లెండర్‌కి కార్బొరేటర్ దగ్గర గాలి లీకు: 349 రూపాయల కిట్ పంపారు, పని చేసింది మాత్రం ఒక్క ఓ-రింగే

నమస్తే అండి, అందరూ బాగున్నారా. ముందే ఒక మాట చెప్పేస్తాను. ఈ కిట్ నేను కొన్నది కాదు, అమ్మేవాళ్లే పంపించి వీడియో చేయమన్నారు. డబ్బులేమీ ఇవ్వలేదు, ఇలాగే చెప్పమని కూడా అనలేదు. పెట్టెలో ఏముంది, ఏ బళ్లకు సరిపోతుంది అన్నది వాళ్ల పేజీలో మీరు చూసే ఉంటారు కాబట్టి గబగబా అనేస్తాను. కార్బొరేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య వచ్చే ఇన్సులేటర్ ఒకటి, సందు మూసే రబ్బరు ఓ-రింగులు రెండు, ఒక ప్యాకింగు, ఎయిర్ ఫిల్టర్ రబ్బరుకి ఒక క్లిప్పు, చివర్న లీకు ఆపడానికి రాసే సిలికాన్ గమ్ చిన్న ట్యూబు. ధర 349. ఆ ట్యూబు మీద నాకు చాలా కోపం ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

బండి మీకు తెలిసిందే, మా నాన్నగారి 1999 హీరో హోండా స్ప్లెండర్, 97.2 సీసీ. చిన్నప్పుడు దీని ట్యాంకు మీద కూర్చునే బడికి వెళ్లాను, అమ్మే ఆలోచనే లేదు. రెండు నెలలుగా దీనికి ఒకటే జబ్బు. పొద్దున్నే చోక్ వేస్తే స్టార్ట్ అవుతుంది, చోక్ తీయగానే ఆగిపోతుంది. వేడెక్కిన తర్వాత అయితే, సిగ్నల్ దగ్గర ఎక్సలేటర్ పూర్తిగా వదిలేసినా రేస్ దిగదు, కాసేపు అలాగే అరిచి, మెల్లగా దిగి, మళ్లీ దానంతట అదే లేస్తుంది. పక్కన ఆగినవాళ్లు నేనే కావాలని రేస్ ఇస్తున్నాననుకుని తిరిగి చూస్తారు. ఎక్సలేటర్ మూసి డౌన్‌లో వస్తుంటే సైలెన్సర్‌లో పట్‌పట్‌మని పేలుతుంది. ప్లగ్ తీసి చూస్తే ఇటుక రంగులో ఉండాల్సింది సున్నం రాసినట్టు తెల్లగా ఉంది.

ఒక మెకానిక్ చూసి కార్బొరేటర్ పోయింది, కొత్తది వేయాలి, 1,800 అవుతుంది అన్నాడు. ఇదే మాట నమ్మి ఎంతమంది మంచి కార్బొరేటర్లు పారేసుకున్నారో అనిపిస్తుంది నాకు. కార్బొరేటర్‌లో లోపలికి వెళ్లే గాలి ఎంతో, దానికి తగ్గ పెట్రోలు అంత కలుస్తుంది. సుమారుగా ఒక గ్రాము పెట్రోలుకి 14.7 గ్రాముల గాలి. కార్బొరేటర్ దాటాక ఎక్కడైనా సందు ఉంటే, పెట్రోలు కలవని గాలి అక్కడి నుంచి దూరుతుంది. ఎక్సలేటర్ మూసి ఉన్నప్పుడే ఇంజిన్ గట్టిగా పీలుస్తుంది, కార్బొరేటర్‌లో దారి మాత్రం సన్నగా ఉంటుంది, అందుకని ఆ చిన్న సందు గాలే పెద్దదైపోతుంది. ఎక్సలేటర్ తెరిచాక అసలు గాలే బోలెడంత వెళ్తుంది కాబట్టి సందు గాలి లెక్కలోకి రాదు. రోడ్డు మీద బాగా పరిగెత్తి, ఆగినప్పుడే గొడవ చేసే బండిని ముందు గాలి లీకుతోనే అనుమానించండి.

కనిపెట్టడానికి పైసా ఖర్చు లేదు. వీడియోల్లో కార్బ్ క్లీనర్ కొట్టి చూపిస్తుంటారు, దయచేసి వేడి ఇంజిన్ మీద ఆ పని చేయకండి, అది ఇట్టే అంటుకుంటుంది, సైలెన్సర్ బెండు అక్కడే ఉంటుంది. ఇంజిన్ ఆయిల్ కొంచెం చిన్న బ్రష్‌తో తీసుకుని, బండి స్లోలో ఉండగా, జాయింట్ల చుట్టూ ఒక్కోచోట రాస్తూ వెళ్లండి. సందు ఉన్నచోట ఆయిల్ కాసేపు దాన్ని మూసేస్తుంది, ఇంజిన్ శబ్దం వెంటనే మారుతుంది. నా బండికి కార్బొరేటర్ కింది చెవి, అంటే బోల్టు పట్టే చోటు, దగ్గర రాయగానే రేస్ దిగిపోయింది, మళ్లీ రెండు సెకన్లకి లేచింది. ఇంకో మాట, ఎయిర్ ఫిల్టర్ వైపు రబ్బరు పగిలితే అది వేరే సమస్య. అక్కడి నుంచి దుమ్ము వెళ్లి పిస్టన్ రింగులు అరుగుతాయి, అదీ చూసుకోవాలి, కానీ ఈ రేస్ లేవడం దానివల్ల కాదు. కిట్‌లో క్లిప్పు ఇచ్చింది ఆ వైపుకే, క్లిప్పు బాగుంది.

ఇప్పుడు విప్పుదాం. 10 నంబర్ స్పానర్‌తో రెండు బోల్టులు, అంతే. ఇదిగో పాత ఓ-రింగ్, కెమెరా దగ్గరికి పెడుతున్నాను చూడండి. గుండ్రంగా దారంలా ఉండాల్సింది రెండువైపులా చదునైపోయి, గోరుతో నొక్కితే దిగడం లేదు, ప్లాస్టిక్ ముక్కలా గట్టిగా ఉంది. ఇన్నాళ్లూ దీన్నే మార్చకుండా ఉంచేశారు. దీని పక్కన ఏం కనిపించిందో చూడండి, ఎర్ర సిలికాన్. ఎప్పుడో ఎవరో లీకు ఆపడానికి రాశారు. పెట్రోలు తగిలి అది ఉబ్బి, నానబెట్టిన చింతపండులా మెత్తబడి, గాలి వెళ్లే దారిలోకి వేలాడుతోంది. ఒక ముక్క అప్పటికే లేదు. అంటే వాల్వ్ దాటి ఇంజిన్‌లోకి వెళ్లిందన్నమాట. మామూలు సిలికాన్ పెట్రోలుకి ఆగదండి. అది తెలిసి కూడా కార్బొరేటర్ కిట్‌లో సిలికాన్ ట్యూబు పెట్టి, పైన "లీక్ ప్రూఫ్" అని రాస్తే దాన్ని ఏమనాలి? కొత్తగా నేర్చుకునే కుర్రాడు పెట్టెలో ఇచ్చారు కదా అని రాసేస్తాడు. మూడు నెలల తర్వాత నా బండిలో చూసినదే వాడి బండిలోనూ జరుగుతుంది.

ఓ-రింగ్ మార్చి బిగించేస్తే సరిపోతుందా అంటే సరిపోదు. అసలు దొంగ ఇక్కడున్నాడు. కార్బొరేటర్ మొహం, అంటే ఇంజిన్ వైపు ఆనే చదును భాగం, మీద స్టీలు స్కేలు నిలబెట్టి వెలుతురుకి ఎదురుగా పెట్టండి. మధ్యలో సన్నగా వెలుగు కనిపిస్తోందా? లీకు ఉందని ఎవరో బోల్టులు బలంగా బిగించారు, చెవులు ముందుకు వంగాయి, మధ్యలో లోతుపడింది. ఇంకా బిగిస్తే ఇంకా వంగుతుంది. పెట్రోలు వెళ్లే సన్న రంధ్రాల జెట్లన్నీ తీసేసి, ఒక అద్దం ముక్క మీద 400 నంబర్ ఎమరీ పేపర్ పరిచి, నీళ్లు చల్లి, కార్బొరేటర్ మొహాన్ని దాని మీద ఆనించి ఎనిమిది అంకె దిద్దినట్టు తిప్పాలి. ఒత్తకూడదు, బరువు దానిదే చాలు. ముందు రెండు చెవులూ తెల్లగా మెరిశాయి, మధ్యలో ఇంకా నల్లగానే ఉంది. ఇరవై నిమిషాలకి ఆ నలుపు తగ్గుతూ తగ్గుతూ సన్నని గీతై, అది కూడా పోయింది. ఆ గీత పోయినప్పుడు నాకు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను. ఎక్కువ అరగదీయొద్దు, కొత్త రింగు గాడిలో కూర్చున్నాక కొంచెం పైకి కనబడాలి. తర్వాత పొడి ఒక్క రేణువు కూడా లేకుండా అన్ని దారులూ కడిగి ఊదాలి. ఇన్సులేటర్ పాతదైనా సరే, అదే అద్దం మీద చూసుకోండి.

రింగు విషయానికొస్తే, కిట్‌లోవి బాగున్నాయి, మెత్తగా, కొలత సరిగ్గా ఉన్నాయి.  కానీ సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఆయిల్ సీల్స్ అమ్మే షాపుకి పాత రింగు పట్టుకెళ్లి చూపిస్తే, అదే కొలతలో విటాన్ అనే రబ్బరు రింగు ముప్పై రూపాయలకి ఇచ్చారు, పైన కొంచెం ఆయిల్ రాసి అదే వేశాను. నైట్రైల్ అనే మామూలు రబ్బరు అయినా పెట్రోలుకి పనిచేస్తుంది, విటాన్ అయితే వేడికీ ఇథనాల్‌కీ ఎక్కువకాలం ఆగుతుంది. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ పెట్రోలు వస్తోంది కాబట్టి పాత బండి ఉన్నవాళ్లు విటాన్ అని పేరు పెట్టి అడగండి. బోల్టులు ఒకటి కొంచెం, ఇంకొకటి కొంచెం, మార్చి మార్చి బిగించండి. ఆరు మిల్లీమీటర్ల బోల్టుకి 10 న్యూటన్ మీటర్ల దగ్గర చాలు, చిన్న స్పానర్ పట్టుకుని మణికట్టు బలంతో ఆపేయండి.

ఇంతకుముందు నా దగ్గర యమహా ఆర్‌ఎక్స్ 100 అనే టూ స్ట్రోక్ బండి ఒకటి ఉండేది, 1996లో తయారీ ఆగిపోయిన బండి కదా, కార్బొరేటర్ రబ్బర్ జాయింటు దొరికినదే వేసుకున్నాను. పైకి కొత్తగానే ఉంది. వంచి చూసి ఉంటే లోపలి పగులు కనిపించేది, వంచలేదు. ఆ పగులులోంచి గాలి దూరి హైవే మీద ఒకసారి పిస్టన్ పట్టేసింది, వెనక చక్రం లాక్ అయింది, క్లచ్ పట్టుకోబట్టి పడలేదు. టూ స్ట్రోక్‌లో గాలి లీకంటే ఇంత ప్రమాదం. అప్పటి నుంచి ఏ రబ్బరు కొన్నా షాపులోనే వంచి చూస్తున్నాను.

ఇక కొనాలా వద్దా. ఇన్సులేటర్ మంచిది, రింగులు మంచివి, క్లిప్పు మంచిది. అయినా కొనమని చెప్పను. ఆ ట్యూబు తీసేసి, దాని బదులు ఒక ఎమరీ పేపర్ ముక్క, ఒక విటాన్ రింగు పెట్టి 150కి అమ్మండి, అప్పుడు నేనే డబ్బులు పెట్టి కొని మళ్లీ వీడియో చేస్తాను, వాళ్లకి కూడా ఇదే రాసి పంపాను. మీకు ఇన్సులేటర్ పగిలి ఉంటేనే, వేరే దొరక్కపోతేనే తీసుకోండి, ట్యూబు ఆ పక్కన పారేయండి.

నాకైన ఖర్చు రింగు, ఎమరీ పేపర్ కలిపి యాభై లోపే. ఎక్సలేటర్ వదిలినప్పటి వేగాన్ని సెట్ చేసే స్లో స్క్రూని లీకు ఉన్నప్పుడు తిప్పేసి ఉంటారు కాబట్టి మళ్లీ సెట్ చేసుకోవాలి. నేను ఇప్పుడే ఇరవై కిలోమీటర్లు తిరిగి వచ్చాను, ఇంజిన్ బాగా వేడి మీద ఉంది. ఇదిగో ఎక్సలేటర్ మీద నుంచి చేయి తీసేస్తున్నాను, నేను ఒక నిమిషం ఏమీ మాట్లాడను, మీరే వినండి.