చెత్త బండి రెండు వారాలకు ఒకసారి వచ్చే ఇంట్లో పసిబిడ్డ డైపర్లు

నమస్కారం. మా పాపకు ఇప్పుడు పదకొండు వారాలు. పక్క గదిలో ఇప్పుడే నిద్రపోయింది కాబట్టి కొంచెం మెల్లగా మాట్లాడతాను.

బిడ్డ పుట్టబోతోందని తెలిసినప్పటి నుంచి ఉయ్యాల గురించి, బట్టల గురించి, పాల గురించి ఎంతో మంది ఎన్నో చెప్పారు. డైపర్ల చెత్త గురించి మాత్రం ఒక్కరూ చెప్పలేదు. మాకు చెత్త బండి రెండు వారాలకు ఒకసారి వస్తుంది. ఇద్దరమే ఉన్నప్పుడు డబ్బా సగం కూడా నిండేది కాదు. పాప వచ్చాక తొమ్మిదో రోజుకే మూత పడలేదు. ఎలాగైనా మూత వేద్దామని పైనుంచి అదిమితే అడుగున సంచి పగిలింది. ఆ నీళ్లు డబ్బా పగులులోంచి నేల మీదికి కారాయి. బండి రావడానికి ఇంకా ఐదు రోజులు ఉంది. ఆ అర్ధరాత్రి నేల కడుగుతూ ఏడ్చేశాను. ఇప్పుడు ఎవరైనా అదే స్థితిలో ఉంటే, మీ కోసమే ఈ వీడియో.

ముందు లెక్క చూద్దాం. పుట్టిన కొత్తలో రోజుకు 8 నుంచి 12 డైపర్లు మార్చవలసి వస్తుంది. పది అనుకోండి. పద్నాలుగు రోజులకు 140. తడిసిన డైపరు ఒక్కోటి వంద గ్రాములు వేసుకున్నా 14 కిలోలు. ఇందులో అసలు డైపరు బరువు కొంచెమే, మిగిలినదంతా మూత్రం. డైపరు మధ్యలో ఉప్పు రవ్వలాంటి పొడి ఉంటుంది, దాన్ని సోడియం పాలీయాక్రిలేట్ అంటారు. తన బరువుకు ఎన్నో రెట్లు తడిని పీల్చుకుని జెల్‌లా ఉబ్బుతుంది. బిడ్డ ఒళ్లు పొడిగా ఉండేది దానివల్లే. కానీ మామూలుగా మురుగు కాలువలోకి పోవలసిన మూత్రాన్ని మనం ఆ జెల్‌లో పట్టి రెండు వారాల పాటు ఇంటి దగ్గరే నిలవ ఉంచుతున్నాం. నేను మొదట్లో మంచి డబ్బా, మంచి సంచులు, సువాసన పొడులు అంటూ వెతికాను. అవన్నీ పక్కన పెట్టండి. చెత్త డబ్బా దాకా వచ్చాక చేయగలిగింది చాలా తక్కువ. డైపరు విప్పిన అర నిమిషంలోనే అసలు పని ఉంది.

ఇదిగో, కెమెరా కిందికి దించుతున్నాను. ఇది తడి డైపరు. బొడ్డు వైపు ఉండే అంచును లోపలికి మడిచి, అక్కడి నుంచి వెనక్కి చాప చుట్టినట్టు బిగించి చుట్టండి. చుడుతూ అరచేత్తో అదిమితే లోపలి గాలి పోతుంది. మరీ బలంగా పిండకండి, జెల్ పక్కల నుంచి బయటికి వస్తుంది. చివర రెండు పక్కలా అంటించే పట్టీలు ఉన్నాయి కదా, వాటిని ఎదురెదురుగా లాగి అంటించండి. చూడండి, పిడికిలంత అయింది. చుట్టకుండా వదిలేసిన డైపరును పక్కన పెడుతున్నాను, ఎంత చోటు తీసుకుంటుందో మీరే చూడండి. మా డబ్బాకు మళ్లీ మూత పడటం ఈ ఒక్క అలవాటుతోనే మొదలైంది.

మలం ఉన్న డైపరు అయితే చుట్టే ముందు ఇంకో పని ఉంది. ఆ మలాన్ని టాయిలెట్‌లో వేసి నీళ్లు పోయాలి. తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డకు పలచగా అవుతుంది కాబట్టి మొత్తం రాదు. టాయిలెట్ కాగితంతో గీకి, వచ్చినంత వేయండి. ఆరు నెలలు దాటి వేరే ఆహారం మొదలయ్యాక గట్టిపడుతుంది, డైపరు వంచితే చాలు, తనే జారిపోతుంది. వాసన పెరిగేది కూడా అప్పుడే, అందుకని అలవాటు ఇప్పుడే చేసుకోండి. డైపరును మాత్రం ఎప్పుడూ టాయిలెట్‌లో వేయకండి, గొట్టంలో ఉబ్బి కూర్చుంటుంది. వైప్స్ కూడా అంతే. వాటిలో చాలా వరకు ప్లాస్టిక్ పోగులు ఉంటాయి, కాగితంలా నీళ్లలో విడిపోవు.

వాసన సంగతి. మూత్రంలోని యూరియాను బ్యాక్టీరియా విడగొట్టినప్పుడు అమ్మోనియా పుడుతుంది. కళ్లు మండించే ఆ ఘాటు అదే. వేడి ఎక్కువైతే ఈ పని వేగంగా జరుగుతుంది. కాబట్టి డబ్బా ఎండలో ఉండకూడదు, నీడకు జరపండి. వంటసోడా చల్లమని చాలామంది చెబుతారు. పులిసిన వాసనల మీద అది పనిచేస్తుంది కానీ, అమ్మోనియా తనే క్షార గుణం ఉన్నది, దాని మీద సోడా పెద్దగా పనిచేయదు. ఖాళీ డబ్బాను వెనిగర్ కలిపిన నీళ్లతో తుడిస్తే నాకు తేడా బాగా తెలిసింది. ఒక్క విషయం దయచేసి గుర్తు పెట్టుకోండి: మూత్రం కారిన డబ్బాలో బ్లీచ్ పోయకండి. అమ్మోనియాతో కలిస్తే క్లోరమైన్ అనే విషవాయువు వస్తుంది. బ్లీచ్, వెనిగర్ కూడా ఎప్పుడూ కలపకండి, అందులోంచి క్లోరిన్ వస్తుంది. పక్కన పసిబిడ్డ ఉన్న ఇల్లు మనది.

నేను ఒక్కో డైపరుకు ఒక్కో సంచి వాడటం మానేశాను. రోజుకు ఒకటే సంచి. రాత్రి పడుకునే ముందు గాలి తీసి, మెడ మెలితిప్పి, గట్టిగా ముడివేసి బయటి డబ్బాలో వేస్తాం. మూత బిగుతుగా పడాలి. ఇది వాసన కోసమే కాదు, ఈగల కోసం కూడా. వేడి రోజుల్లో ఈగ గుడ్డు ఒక్క రోజులోపే పిల్ల అవుతుంది, వారం పది రోజుల్లో రెక్కలొచ్చి ఎగిరిపోతుంది. అంటే చెత్త బండి రెండోసారి వచ్చేలోపు మన డబ్బాలోనే ఒక తరం పుట్టి పెరిగిపోతుంది. కుక్కలు, పిల్లులు తిరిగే చోట అయితే మూత మీద బరువు పెట్టండి.

ఇక లెక్కనే తగ్గించడం. చాలా రకాల డైపర్లకు ముందు వైపు పసుపు గీత ఉండి, తడి తగలగానే నీలంగా మారుతుంది. కొత్తలో నేను ఆ రంగు చూడకుండానే గంటకోసారి మార్చేదాన్ని. మలం అయితే వెంటనే మార్చాలి, అందులో ఆలస్యం వద్దు. ఒరుపు, ఎర్రదనం ఉన్నా అంతే. కానీ గీత ఇంకా పసుపుగానే ఉంటే, పొడిగానే ఉందని అర్థం.

అన్నిటికన్నా ఎక్కువ తేడా తెచ్చింది గుడ్డ డైపర్లు. పూర్తిగా మారలేదు, మారలేం కూడా. పగలు ఇంట్లో ఉన్నప్పుడు గుడ్డవి, రాత్రికి, బయటికి వెళ్లినప్పుడు మామూలువి. రోజుకు పది ఉండేవి నాలుగయ్యాయి. 140 కాస్తా 56. నీళ్లలో నానబెట్టం, మూత ఉన్న పొడి బక్కెట్‌లో వేస్తాం, రెండు రోజులకు ఒకసారి 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతుకుతాం. బట్టలు మెత్తబరిచే ద్రవం వాడకండి, గుడ్డ తడిని పీల్చడం మానేస్తుంది. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2008లో రెండు రకాలనూ పోల్చి చూసినప్పుడు, గుడ్డ డైపర్ల మేలు ఉతికే తీరు మీదే ఆధారపడి ఉందని తేలింది. మెషిన్ నిండుగా వేయాలి, దండెం మీద ఆరబెట్టాలి, రెండో బిడ్డకూ అవే వాడాలి. ఒంట్లో ఓపిక లేని వారం మామూలువే వాడండి. ఆ వారం మేమూ అదే చేశాం.

ఇంకో మాట. చిన్నపిల్లలున్న ఇళ్లకు కొన్ని చోట్ల పెద్ద డబ్బా గానీ అదనపు సంచులు గానీ ఇస్తారు. చెత్త సేకరించే కార్యాలయానికి ఒక్క ఫోను చేసి అడగండి. నేను అడగడానికి మొహమాటపడి నెల రోజులు వృథా చేసుకున్నాను.

విరేచనాలు తెచ్చే రోటావైరస్ రాకుండా పిల్లలకు వేసే చుక్కల మందు వేయించిన తర్వాత కొన్ని రోజులు ఆ మందులోని వైరస్ మలంలో బయటికి వస్తూ ఉంటుంది. అసలే ప్రతి డైపరు తర్వాత సబ్బుతో చేతులు కడగాలి, ఆ రోజుల్లో ఇంకా జాగ్రత్తగా ఉండండి.

రేపు పొద్దున మాకు బండి వస్తుంది. అది వెళ్లగానే డబ్బా కడిగి, మూత తీసి ఎండలో బోర్లించి ఆరబెడతాం. పూర్తిగా ఆరాక అడుగున నాలుగు పాత వార్తాపత్రికలు మడిచి వేస్తాం, మళ్లీ ఎప్పుడైనా సంచి పగిలితే తడి అక్కడే ఆగుతుంది. అదిగో, పాప కదులుతోంది. ఉంటాను.