ఒక్క చుట్టు వస్తే చాలు: ఇంట్లోనే క్రిస్మస్ కప్‌కేకులు

[మొదటి షాట్: పళ్లెంలో పన్నెండు కప్‌కేకుల ఫోటో. పైన చెట్లు ఉండాల్సిన చోట ఆకుపచ్చ ముద్దలు.]

ఈ ఫోటో చూసి నవ్వుకోండి, పర్లేదు. నేను మొట్టమొదట చేసిన క్రిస్మస్ చెట్ల కప్‌కేకులు ఇవే. పెట్టినప్పుడు నిటారుగానే ఉన్నాయండీ, పావుగంట తిరిగేసరికి పన్నెండుకి పన్నెండూ నడుం వాల్చేశాయి. ఇంట్లోవాళ్లు పాపం నన్ను ఓదార్చడానికి "కొండలు భలే వచ్చాయే" అన్నారు. నేనేమో తప్పంతా క్రీమ్ పిండే మొన, అదే నాజిల్‌ మీదకి నెట్టేసి ఇంకో అరడజను నాజిళ్లు కొన్నాను. నాజిల్ ఏ పాపమూ ఎరగదని తర్వాత తెలిసింది. కేకు ఇంకా గోరువెచ్చగా ఉండగానే దాని నెత్తిన వెన్న క్రీమ్ పెట్టాను, అదీ సంగతి.

అందుకే ఈ వీడియోలో ఇరవై డిజైన్లు చూపించను. క్రీమ్‌తో వేసే ఒకే ఒక్క చుట్టు నేర్చుకుందాం. దాన్నే అటు ఇటు మార్చి చెట్టు, ఆకుల దండ, సాంటా టోపీ చేసేద్దాం. కాకపోతే ఆ చుట్టు నిలబడాలంటే చేతివాటం కంటే ముందు ఏది ఎంత చల్లగా ఉందో చూసుకోవాలి.

[టేబుల్ మీద కొలిచి పెట్టిన సామాను, పైనుంచి షాట్.]

ముందు కేకు, ఇది గబగబా చెప్పేస్తాను. 12 కప్‌కేకులకి 150 గ్రాముల మైదా, 150 గ్రాముల పంచదార, 115 గ్రాముల అన్‌సాల్టెడ్ బటర్, 2 గుడ్లు, 120 మిల్లీలీటర్ల పాలు, టీస్పూనున్నర బేకింగ్ పౌడర్, ఒక టీస్పూన్ వెనిల్లా ఎసెన్స్, చిటికెడు ఉప్పు. గుడ్డు వద్దనుకుంటే ఒక్కో గుడ్డుకి బదులు 60 గ్రాముల పెరుగు వేసి, మొత్తానికి పావు టీస్పూన్ వంటసోడా కలపండి.

గుడ్లు, పాలు ఫ్రిజ్‌లోంచి ముందే తీసి బయట పెట్టుకోండి, ఎందుకంటే చల్లటి గుడ్డు పడగానే వెన్న మళ్లీ గట్టిపడి, మొత్తం విరిగిన పాలలా తయారవుతుంది. బటర్, పంచదార కలిపి తెల్లబడేదాకా గిలక్కొట్టి, గుడ్లు ఒక్కొక్కటిగా వేసి, ఆ తర్వాత మైదా కొంచెం, పాలు కొంచెం మార్చి మార్చి కలపండి. మైదా పడ్డాక మాత్రం చేతికి పని తగ్గించండి. పొడి కనపడకుండా కలిసిందా, ఆపేయండి. ఇంకా కలుపుతూ పోతే మైదాలోని జిగురు, అదే గ్లూటెన్, బిగిసి కేకు రబ్బరులా సాగుతుంది.

లైనర్లలో, అంటే ట్రే గుంటల్లో పెట్టే కాగితం కప్పుల్లో, మూడింట రెండు వంతులే నింపి, ముందే వేడిచేసిన ఓవెన్‌లో 175 డిగ్రీల సెల్సియస్ దగ్గర 18 నుంచి 20 నిమిషాలు. మొదటి 15 నిమిషాలు తలుపు తెరవొద్దు, మధ్యలో కుంగిపోతాయి. మనం పైన అలంకరించాలి కాబట్టి నెత్తి మరీ పొంగకుండా ఉంటే మంచిది. ఓవెన్ వేడి ఎక్కువైతే అంచులు ముందే బిగిసిపోయి, లోపలున్న పచ్చి పిండి మధ్యలోంచి పైకి తన్నుకొస్తుంది, అగ్నిపర్వతంలా. అలా వచ్చినా దిగులు పడకండి, కత్తితో ఆ ముక్క చదునుగా కోసి నోట్లో వేసుకోండి. చేసినవాళ్ల వాటా అది.

[క్లోజప్: జాలీ మీద చల్లారుతున్న కప్‌కేకులు.]

ఓవెన్‌లోంచి తీశాక 5 నిమిషాలు ట్రేలో ఉంచి, జాలీ మీదకి మార్చండి. ట్రేలోనే వదిలేస్తే ఆవిరి అడుగున చేరి లైనర్ తడిసి ఊడొచ్చేస్తుంది. ఇక అసలు పరీక్ష, వెయిటింగ్. కనీసం గంట. పైన ముట్టుకుని "చల్లారిపోయింది" అనుకోవద్దు, నేను మోసపోయింది అక్కడే. పైన ముందు చల్లారుతుంది, నడిమధ్యన మాత్రం చాలాసేపు వేడి దాక్కునే ఉంటుంది. కప్‌కేకు అడుగుభాగాన్ని మణికట్టు లోపలివైపు ఆనించి చూడండి. ఏ కాస్త వెచ్చదనం తెలిసినా ఇంకా ఆగాల్సిందే. వెన్న పూర్తిగా కరగడానికి 32 నుంచి 35 డిగ్రీలు కావాలి గానీ, ఆకారం జారిపోవడానికి అంత అక్కర్లేదు.

[గిన్నెలో బటర్. వేలితో నొక్కుతున్న క్లోజప్, నెమ్మదిగా.]

ఇప్పుడు బటర్‌క్రీమ్, అంటే కేకు మీద వేసే వెన్న క్రీమ్. 250 గ్రాముల బటర్, దానికి రెట్టింపు, అంటే 500 గ్రాముల ఐసింగ్ షుగర్ (మెత్తటి పంచదార పొడి), ఒకటి రెండు టేబుల్‌స్పూన్ల పాలు, చిటికెడు ఉప్పు. ఉప్పెందుకంటే తీపి మొహం మొత్తకుండా.

ఈ వేలు చూడండి. నొక్కితే బటర్ మీద గుంట పడింది, కానీ వేలు తీస్తే జిడ్డు మెరుపు లేదు. ఇదీ మనకి కావాల్సింది, సుమారుగా 18 నుంచి 20 డిగ్రీలు. నొక్కితే వేలు లోపలికి జారిపోయిందంటే మెత్తబడిపోయినట్టే, తీసుకెళ్లి ఫ్రిజ్‌లో పెట్టండి. గట్టిగా ఉందని మైక్రోవేవ్‌లో పది సెకన్లు పెడదామనే ఆలోచన మాత్రం రానివ్వకండి, అంచులు రాయిలా ఉండగానే మధ్యలో నెయ్యిలా కరిగిపోయి ఉంటుంది.

ముందు ఒక్క బటర్‌నే బీటర్‌తో 5 నిమిషాలు కొట్టండి. ఐదంటే ఐదు, గడియారం చూసుకుని. పసుపు రంగు పోయి దాదాపు తెల్లగా అయిపోతుంది, చూస్తుంటేనే తెలుస్తుంది. తర్వాత ఐసింగ్ షుగర్ జల్లించి మూడు దఫాలుగా వేయండి. జల్లించడానికి బద్ధకిస్తే చిన్న ఉండ ఒకటి వచ్చి నాజిల్‌కి అడ్డం పడుతుంది, మీరు గట్టిగా నొక్కుతారు, ఠప్‌మని క్రీమ్ నింపిన బ్యాగ్ వెనక నుంచి పగిలి మోచేతి దాకా క్రీమ్. మిక్సీలో పొడి చేసిన పంచదార వాడొచ్చా అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. వాడొచ్చు, 100 గ్రాములకి ఒక టేబుల్‌స్పూన్ కార్న్‌ఫ్లోర్ కలిపి రెండుసార్లు జల్లించాలి, అయినా నాలుకకి కాస్త ఇసుకలా తగులుతుంది. పండక్కి మాత్రం కొన్నదే వాడండి, నా మాట వినండి.

అయిందో లేదో ఎలా తెలుస్తుంది? స్పూన్‌తో తీసి నిలబెట్టండి. కొన నిలబడి, చివర కాస్త వంగితే సరిపోయింది. మరీ గట్టిగా ఉంటే పాలు ఒక్కో టీస్పూనే. జారుగా ఉంటే ఇంకో కప్పు పంచదార గుమ్మరించకండి, నోట్లో పెట్టుకోలేరు. గిన్నె పళంగా పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి మళ్లీ కొట్టండి, చాలాసార్లు రోగం వేడే. చివర్లో బీటర్ పక్కన పెట్టేసి గరిటెతో నెమ్మదిగా ఓ నిమిషం తిప్పితే లోపలి గాలి బుడగలు పోతాయి. లేదంటే చుట్టు మీద చిల్లులు పడతాయి.

[తెల్ల క్రీమ్‌లో టూత్‌పిక్‌తో రంగు కలుపుతున్న షాట్.]

రంగులు జెల్‌వే తీసుకోండి. నీళ్ల రంగు ముదురు రావాలంటే బోలెడు పోయాలి, ఇంత కష్టపడి తెచ్చుకున్న గట్టిదనమంతా పోతుంది. టూత్‌పిక్ కొనతో తీసింది చాలు. ఇంకో మాట, గిన్నెలో చూసినప్పటికంటే అరగంట తర్వాత రంగు ముదురుతుంది, కాబట్టి మీకు కావాల్సిన దానికంటే ఒక మెట్టు ముందే ఆగండి. తెలుపు ఇంకా తెల్లగా కావాలా? ఆవగింజలో సగమంత వంకాయ రంగు కలపండి, వెన్నలోని పసుపు ఛాయ విరిగిపోతుంది. ఎరుపు బటర్‌క్రీమ్ జోలికి నేను వెళ్లను. నిజమైన ఎరుపు రావాలంటే అంత రంగు పొయ్యాలి, పోస్తే చేదు. ఎరుపు కోసం వేరే దారి ఉంది, వస్తున్నా.

[గ్లాసులో నిలబెట్టిన పైపింగ్ బ్యాగ్.]

బ్యాగ్‌ని గ్లాసులో నిలబెట్టి, అంచులు బయటికి మడిచి, సగమే నింపండి. సగమే! నిండా నింపితే పట్టుకోవడం కష్టం, పైగా మీ అరచేతి వేడికే లోపల క్రీమ్ మెత్తబడుతుంది. నా చెయ్యి అసలే వేడి, అందుకే మధ్య మధ్యలో చల్లటి నీళ్లలో ముంచి తుడుచుకుంటూ ఉంటాను. నాజిల్ 1ఎం అని దొరుకుతుంది, పెద్ద నక్షత్రం ఆకారం, ఇదొక్కటి చాలు.

ఇప్పుడు చుట్టు. బ్యాగ్ నిటారుగా పట్టుకోండి, నాజిల్ కేకుకి తగలకుండా ఓ సెంటీమీటర్ పైన. నొక్కేది పైచెయ్యి, కిందచెయ్యి దారి చూపిస్తుందంతే. అంచు దగ్గర మొదలుపెట్టి గుండ్రంగా లోపలికి తిప్పుకుంటూ రండి. చివర్లో ముందు నొక్కడం ఆపాలి, ఆ తర్వాతే బ్యాగ్ పైకి లేపాలి. నొక్కుతూనే లేపితే తోకలా సాగుతుంది. అందరూ తడబడేది ఇక్కడే, నేనూ ఇక్కడే. మొదటి నాలుగు చుట్లు పళ్లెం మీద వేసి, గీరి మళ్లీ బ్యాగ్‌లో పెట్టేయండి, ఎవరూ చూడరు.

[ఆకుపచ్చ చుట్టు, పక్కనుంచి షాట్.]

చెట్టుకి ముందు కేకు నడుమ చిన్న క్రీమ్ ముద్ద పెట్టండి, అది లోపలి స్తంభం. దాని చుట్టూ ఆకుపచ్చతో మూడు చుట్లు, ఒక్కోటీ చిన్నదవుతూ పైకి. ఇంకా ఎత్తు కావాలంటే షుగర్ ఐస్‌క్రీమ్ కోన్‌ని బోర్లించి దాని మీద వేయండి, పడే ప్రసక్తే లేదు. పంచదార ముత్యాలు, పైన నక్షత్రం వెంటనే పెట్టేయాలి, ఎందుకంటే ఈ క్రీమ్ పైన కాసేపట్లో సన్నటి పొర కడుతుంది, తర్వాత ఏం చల్లినా అంటుకోకుండా రాలిపోతుంది. మంచులా ఐసింగ్ షుగర్ చల్లాలనుకుంటే వడ్డించే ముందే, లేకపోతే తడి పీల్చుకుని మాయమైపోతుంది.

దండకి నాజిల్ కూడా అక్కర్లేదు. ముందు కేకు మీద తెల్ల క్రీమ్ కత్తితో పల్చగా పరిచి, గట్టి ప్లాస్టిక్ బ్యాగ్‌లో ఆకుపచ్చ వేసి, మూల చదును చేసి బాణం మొనలా కత్తిరించండి. నొక్కి, లాగి, వదిలేయండి, ఆకు వచ్చేసింది. ఇలా అంచు చుట్టూ ఆకులు వేసి, అక్కడక్కడ మూడేసి ఎర్ర ముత్యాలు.

సాంటా టోపీకే ఎరుపు కావాలి. స్ట్రాబెర్రీని తొడిమవైపు చదునుగా కోసి, టిష్యూతో బాగా ఒత్తి ఆరబెట్టి, తెల్ల చుట్టు మీద కొన పైకి వచ్చేలా కూర్చోబెట్టండి. కొన మీద ఒక తెల్ల చుక్క, కింద చుట్టూ చిన్న చిన్న చుక్కలు. పని అయిపోయింది. కాకపోతే వీటిని అతిథులు వచ్చే గంట ముందే చేయండి, పండు నీరు వదిలితే తెల్ల క్రీమ్ మీద గులాబీ రంగు కాలువలు పారతాయి.

మెరుపుల పొడి చల్లేవాళ్లకి ఒక్క హెచ్చరిక. డబ్బా మీద "నాన్ టాక్సిక్" అని ఉన్నంత మాత్రాన అది తినేది కాదు. "ఎడిబుల్" అని ఉండాలి, వెనక ఏమేం కలిపారో జాబితా ఉండాలి. జాబితా లేదంటే అది గ్రీటింగ్ కార్డుకి అంటించేది. గట్టి వెండి ముత్యాలు చిన్నపిల్లల కేకుల మీద వద్దు.

[డబ్బాలో సర్దుతున్న షాట్.]

దాచుకోవడం గురించి. చల్లటి గదిలో మూతపెట్టి ఉంచితే ఒకట్రెండు రోజులు బాగుంటాయి. గది వేడిగా ఉంటే ఫ్రిజ్ తప్పదు, తినే గంట ముందు బయటపెట్టండి, కానీ డబ్బా మూత తీయకుండానే. అప్పుడు చెమ్మ డబ్బా మీద పడుతుంది, మీ చెట్టు మీద కాదు. ఇంకా తెలివైన పని, క్రీమ్ లేని ఉత్త కేకులు ముందే చేసి ఫ్రీజర్‌లో పెట్టుకోవడం. గాలి తగలకుండా చుట్టి పెడితే రెండు నెలలకీ ఏం కాదు.

[చివరి షాట్: పళ్లెంలో పన్నెండు కప్‌కేకులు. కెమెరా నెమ్మదిగా తిరుగుతుంది, ఒక చెట్టు దగ్గర ఆగుతుంది.]

ఇవీ ఈరోజు చేసినవి. ఆ మూలనున్న చెట్టు కాస్త పక్కకి ఒరిగింది, కనిపెట్టారు కదా? షూటింగ్ లైట్ దాని పక్కనే ఉంది మరి, నేనే పెట్టాను. దాన్ని ముందు తినేస్తాను.